అమ్మ కాలేయంలో మచ్చలు, బయాప్సీలో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్: ముందు ఆపరేషనా, ఇంజెక్షన్లా?

తెనాలి పెద్దకొడుకు

అందరికీ నమస్కారం. అమ్మ వయసు 58. చాలా ఏళ్లుగా అన్నం తిన్న కాసేపటికే బొడ్డు చుట్టూ నొప్పి, ఆ వెంటనే నీళ్ల విరేచనాలు. మొదట పేగుల చికాకు అన్నారు. తర్వాత సీటీ స్కాన్‌లో చిన్నపేగు చివరి భాగం గోడ మందంగా ఉందని, పక్కన లింఫ్ గ్రంథులు ఉబ్బాయని చూసి క్షయ మందులు మొదలుపెట్టారు. కోర్సు మొత్తం వాడినా విరేచనాలు తగ్గలేదు. ఈ మధ్య ముఖం, మెడ ఉన్నట్టుండి ఎర్రబడి వేడెక్కుతున్నాయి. నెలసరి ఆగిన వయసులో అది మామూలే అని ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఇప్పుడు కాలేయంలో రెండు వైపులా మచ్చలు కనిపించాయి. ఒక ఆసుపత్రిలో రిపోర్టు పైపైన చూసి, "నాలుగో దశ, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నారు. మరో చోట సూదితో కాలేయం ముక్క తీసి పరీక్ష చేయించారు. వచ్చిన జవాబు: వెల్ డిఫరెన్షియేటెడ్ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, గ్రేడ్ 2, కి-67 6 శాతం. ఒక సర్జన్ పేగుకు, కాలేయానికి ఆపరేషన్ చేద్దామంటున్నారు. ఇంకొక వైద్యుడు నెలకో ఇంజెక్షన్ చాలు, కత్తి వద్దంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఈ జబ్బు తెలిసినవారు దయచేసి చెప్పండి.

గాజుపలక (పాథాలజిస్టు, హైదరాబాద్)

అన్నిటికంటే ముందు ఒక మాట. కాలేయానికి పాకింది కాబట్టి ఇక చేసేదేమీ లేదన్న మాటను పక్కన పెట్టండి. అది క్లోమ గ్రంథి లేదా జీర్ణాశయం నుంచి వచ్చే మామూలు కార్సినోమాను దృష్టిలో పెట్టుకుని అలవాటుగా అనే మాట. మీ అమ్మగారి జబ్బు వేరు, హార్మోన్ల లాంటి రసాయనాలు వదిలే కణాల నుంచి పుట్టే గడ్డ. 1907లో జర్మన్ పాథాలజిస్టు జీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డార్ఫర్ చిన్నపేగులో ఇలాంటి గడ్డలు చూసి, ఇవి క్యాన్సర్‌లా కనిపించినా అంత దూకుడుగా పెరగడం లేదని గమనించి "కార్సినాయిడ్" అని పేరు పెట్టాడు. వ్యాపించగలవని తర్వాత తేలింది. అయినా వీటిలో చాలావాటికి పెరుగుదల నెమ్మది.

వెల్ డిఫరెన్షియేటెడ్ అంటే గడ్డ కణాల ఆకృతి మామూలు కణాలకు దగ్గరగా ఉందని. కి-67 అంటే విభజన దశలో ఉన్న కణాల శాతం. 3 కంటే తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2, అంతకు మించితే గ్రేడ్ 3. గ్రేడ్ 3లో కూడా కణాల ఆకృతి బాగా ఉన్నవి ఒక జాతి, పూర్తిగా చెడిపోయిన న్యూరోఎండోక్రైన్ కార్సినోమా మరో జాతి. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. మీ రిపోర్టులో 6 శాతం అంటే గ్రేడ్ 2లో కింది మెట్టు.

రెండు పనులు చేయండి. రిపోర్టులో ఈ కణాలను గుర్తించే క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ రంగు పరీక్షలు పాజిటివ్ అని ఉందా, పుట్టిన చోటును సూచించే సీడీఎక్స్2 చేశారా చూడండి. సీడీఎక్స్2 బలంగా కనిపిస్తే పుట్టుక చిన్నపేగులోనే అన్న అనుమానం గట్టిపడుతుంది. రెండోది, బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మె, గాజు స్లైడ్లు ఆసుపత్రి నుంచి రాసిచ్చి తెచ్చుకోండి. ఇలాంటి జబ్బులో స్లైడును తరచూ ఇవే గడ్డలు చూసే రెండో పాథాలజిస్టు చదవడం విలాసం కాదు, వైద్యంలో భాగమే. కి-67ను కంటి అంచనాతో వేశారా, కణాలు లెక్కపెట్టి వేశారా అన్నది కూడా అడగండి. 2కూ 4కూ మధ్య, 18కీ 25కీ మధ్య చికిత్స మారిపోతుంది.

మైలాపూర్ తెలుగు

మావారిదీ ఇదే జబ్బు, పుట్టింది ఇలియంలో, అంటే చిన్నపేగు చివరి భాగంలో. మా దగ్గర కూడా మొదట వచ్చిన పేరు క్షయే. పెద్దకొడుకు గారూ, మీ కుటుంబం ఎంత అలసిపోయి ఉంటుందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి తప్పు పేరుతో తిరిగాక, సరైన పేరు వచ్చిన రోజునే దానికి చివరి దశ అని తోక తగిలిస్తే మనిషి కూలబడిపోతాడు. మావారు ఇప్పుడు ఉద్యోగానికి వెళుతున్నారు. గడ్డ వదిలే రసాయనాలను అణచే ఆక్ట్రియోటైడ్ లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్ నెల నెలా తీసుకుంటారు. దాన్ని పిరుదు కండరంలో లోతుగా ఇవ్వాలి. పైపైన కొవ్వులో ఇస్తే మందు సరిగా అందదు. ఇచ్చే నర్సుకు అనుభవం ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. మందును ఫ్రిజ్‌లో ఉంచాలి, ఇచ్చే ముందు గది వేడికి రానివ్వాలి, పొడిని ద్రవంలో కలపగానే ఇచ్చేయాలి.

ఇంకొకటి. 24 గంటల మూత్రంలో 5-హెచ్ఐఏఏ (గడ్డ వదిలే సెరటోనిన్ విరిగితే వచ్చే పదార్థం) పరీక్ష రాస్తారు. ఆ పరీక్షకు ముందు రెండు మూడు రోజులు అరటిపండు, అనాస, టమాటా, వంకాయ, అక్రోటు ఆపాలి. మన వంటలో టమాటా లేని పూట ఉండదు కాబట్టి ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. రక్తంలో క్రోమోగ్రానిన్-ఏ (ఈ గడ్డలు వదిలే ప్రోటీన్) రాస్తే, ఆమె గ్యాస్ కోసం పాంటోప్రజోల్ లాంటి మాత్ర వేసుకుంటున్నారేమో వైద్యుడికి చెప్పండి. ఆ మాత్రలు ఆ అంకెను ఉత్తినే పెంచేస్తాయి. మాకు ఒకసారి అలా పెరిగిన అంకె చూసి జబ్బు ముదిరిందని భయపెట్టారు.

శస్త్రశాల (క్యాన్సర్ సర్జన్, విశాఖపట్నం)

పెద్దకొడుకు గారూ, మీ ప్రశ్నకు సూటిగా వస్తాను. "ఆపరేషనా, ఇంజెక్షనా" అని రెంటిలో ఒకటి ఎంచుకునే జబ్బు కాదిది. రెండూ పడతాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎంత మేరకు అన్నదే అసలు ప్రశ్న.

మీరు రాసిన లక్షణాలను ఒక వరుసలో పెడతాను. పేగులోని గడ్డ సెరటోనిన్ లాంటి రసాయనాలు వదులుతుంది. అవి ముందు కాలేయానికి చేరతాయి, కాలేయం వాటిని నిర్వీర్యం చేస్తుంది. అందుకే పేగులో మాత్రమే ఉన్నంతకాలం ముఖం ఎర్రబడదు. కాలేయంలోనే గడ్డలు పెరిగాక ఆ రసాయనాలు నేరుగా గుండె కుడి వైపుకు పోయే రక్తంలో కలుస్తాయి. ఎర్రబడటం, విరేచనాలు అప్పుడు ముదురుతాయి. కుడి వైపు కవాటాలు గట్టిపడి ముడుచుకుపోయే ప్రమాదమూ అప్పుడే మొదలవుతుంది. ఊపిరితిత్తులు ఆ రసాయనాలను చాలావరకు విరిచేస్తాయి కాబట్టి ఎడమ వైపు సాధారణంగా క్షేమం. కాబట్టి గుండె ఎకో ఇప్పుడే చేయించండి. కాలేయం మీద కత్తి పెట్టే ముందు నేను మొదట అడిగేది అదే. గుండె కుడి వైపున్న ట్రైకస్పిడ్ కవాటం బాగా కారుతుంటే కాలేయ సిరల్లో ఒత్తిడి పెరిగి, కోసినప్పుడు రక్తం ఆపడం కష్టమవుతుంది. అలాంటివారికి ముందు కవాటం మార్చి, తర్వాత కాలేయం దగ్గరికి వస్తాం.

ఇక తిన్నాక నొప్పి. ఈ గడ్డ పేగులో చాలాసార్లు బఠాణీ గింజంతే ఉంటుంది. దాని నుంచి గ్రంథులకు పాకినప్పుడు పేగుకు రక్తం తెచ్చే పొర కుంచించుకుపోతుంది. సీటీలో ఆ గడ్డ చుట్టూ చక్రపు ఆకుల్లా గీతలు, మధ్యలో సున్నపు చుక్క కనిపిస్తే అది క్షయ కాదేమో అని ఆగి ఆలోచించాలి. పాత సీటీ సీడీ ఉంటే రేడియాలజిస్టుకు మళ్లీ చూపించండి. తిన్నాక నొప్పి వస్తోందంటే పేగు సగం మూసుకుపోతుండవచ్చు, లేదా దానికి రక్తం చాలక పోవచ్చు. ఇంజెక్షన్ ఆ ముడుతను విప్పలేదు.

ఆపరేషన్‌లో చేసేది ఇది. సర్జన్ చిన్నపేగు మొత్తాన్ని, ఆ చివర నుంచి ఈ చివర దాకా, వేళ్లతో తడిమి చూడాలి. ఒకటి కంటే ఎక్కువ చోట్ల గడ్డలు ఉండటం ఈ జబ్బులో మామూలే. స్కాన్‌కు అందని చిన్న గింజ వేలికి దొరుకుతుంది. అందుకే కేవలం దూర్బీను (లాపరోస్కోపీ) ఆపరేషన్‌తో ముగించేస్తామంటే నేను ఒప్పుకోను. గ్రంథులను పెద్ద రక్తనాళం మొదలు దాకా శుభ్రం చేయాలి, అయినా పేగుకు వెళ్లే కొమ్మలను కాపాడాలి. తొందరపడి ఆ నాళాన్ని కట్టేస్తే చాలా పేగు పోయి, మనిషి జీవితాంతం పోషకాహారానికి తంటాలు పడాలి. దానితో పాటే పిత్తాశయమూ తీసేస్తాం, ఎందుకంటే ఆక్ట్రియోటైడ్ ఏళ్ల తరబడి వాడితే అందులో రాళ్లు పడతాయి. ఆ తర్వాత కాలేయంలో రక్తనాళాల దారి మూయాల్సి వచ్చినా అది అడ్డం రాదు.

కాలేయం సంగతి గాలియం స్కాన్ (ఈ గడ్డలను వెలిగించి చూపే పెట్ స్కాన్), ఎమ్మారై చూశాకే చెప్పాలి. కొన్నిటిని చిన్న ముక్కలుగా కోసి తీస్తాం, లోతులో ఉన్నవాటిని వేడితో కాలుస్తాం. మిగిలే కాలేయం కనీసం 30 శాతం ఆరోగ్యంగా ఉండేలా చూసుకుంటాం. అన్నీ తీయలేకపోయినా, పెద్ద భాగం తీస్తే రసాయనాల ధాటి తగ్గుతుంది. మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను: అన్నీ తీశామనుకున్నా మళ్లీ కనిపించడం సహజం. మేయో క్లినిక్ 2003లో 170 మంది కాలేయ ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించింది. 5 ఏళ్లలో 84 శాతం మందికి జబ్బు మళ్లీ వచ్చింది. అయినా 61 శాతం మంది 5 ఏళ్లకు జీవించే ఉన్నారు. ఈ రెండు అంకెలనూ కలిపి చదవండి, ఒకదాన్నే కాదు.

పల్లెపొలం

మా బంధువు ఒకాయన గోమూత్రం, కొన్ని ఆకుల కషాయంతో కాలేయం గడ్డలు కరిగించుకున్నారు. కత్తి పడితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని పెద్దలు చెబుతారు. ఒకసారి ఆలోచించండి.

మైలాపూర్ తెలుగు

మీరు మంచి మనసుతో చెప్పారు, నాకు తెలుసు. కానీ స్టీవ్ జాబ్స్‌కు ఉన్నది ఈ కుటుంబానికి చెందిన క్లోమ గడ్డే. 2003లో తెలిసింది, తొమ్మిది నెలలు ఆహార నియమాలు, ఇతర వైద్యాలు ప్రయత్నించి 2004లో ఆపరేషన్‌కు వెళ్లారు. 2009లో కాలేయ మార్పిడి, 2011లో మరణం. ఆ తొమ్మిది నెలలు ఎంత తేడా తెచ్చాయో ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ అమ్మగారి విషయంలో ఆ జూదం ఆడమని ఎవరికీ చెప్పలేను. కత్తి తగిలితే పాకుతుందన్న భయం మా అత్తగారికీ ఉండేది. జబ్బు కాలేయానికి పాకింది కత్తి తగలక ముందే కదా.

మత్తువైద్యం (అనస్థీషియా, గుంటూరు)

ఈ చర్చలో ఎవరూ ఇంకా చెప్పని విషయం. ఈ జబ్బు ఉన్నవారికి మత్తు ఇచ్చినప్పుడు, గడ్డను ముట్టుకున్నప్పుడు, కొన్నిసార్లు బయాప్సీ సూదికే, రసాయనాలు ఒక్కసారిగా విడుదలై రక్తపోటు కుప్పకూలవచ్చు, లేదా విపరీతంగా పెరగవచ్చు. దాన్ని కార్సినాయిడ్ క్రైసిస్ అంటాం. ముఖం ఎర్రబడే లక్షణం ఉన్నవారికి ఆక్ట్రియోటైడ్‌ను ముందే సిరలోకి సన్నగా ఎక్కిస్తూ మొదలుపెట్టి, ఆపరేషన్ అంతా కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గించడం చాలా కేంద్రాల్లో వాడుక. అది క్రైసిస్‌ను పూర్తిగా ఆపుతుందన్న హామీ లేదు, అందుకే అదనపు మందు, ధమనిలో రక్తపోటు గొట్టం సిద్ధంగా ఉండాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, "నాకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉంది" అని అమ్మగారే చెప్పేలా నేర్పించండి. ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టండి.

ఆపరేషన్‌కు ముందు చర్మం చూడండి. ఎండ తగిలే చోట నల్లగా పొలుసులు కట్టిందా? శరీరంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో చాలా భాగం సెరటోనిన్ తయారీకే పోవడంతో, దాని నుంచి తయారయ్యే నియాసిన్ (బి3 విటమిన్) కరువై పెల్లాగ్రా అనే విటమిన్ లోప జబ్బు రావచ్చు. మన దక్కనులో జొన్న తినేవారిలో పెల్లాగ్రా మీద పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ హైదరాబాద్‌లో చేసిన పరిశోధన 1960ల నాటికే ప్రపంచానికి తెలుసు, కాబట్టి ఆ మచ్చలను గుర్తుపట్టగల పెద్ద వైద్యులు మన దగ్గర ఉన్నారు. ఉంటే నియాసిన్ ఇస్తారు, చవకైన మందు.

ఓరుగల్లు పాఠకుడు

నా ప్రశ్న కొంచెం పక్కకు వెళుతుంది, క్షమించాలి. మా తమ్ముడికి ఎడమ అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉంది. తలనొప్పి, చెమటలు, గుండెదడ. రేపు సూదితో బయాప్సీ అంటున్నారు. మీరు చెప్పిన క్రైసిస్ అతనికీ వస్తుందా?

శస్త్రశాల

రేపటి సూదిని ఆపించండి. ఇప్పుడే వైద్యుడికి ఫోన్ చేయండి. మీరు రాసిన మూడు లక్షణాలూ ఫియోక్రోమోసైటోమా (రక్తపోటు పెంచే హార్మోన్లు వదిలే అడ్రినల్ గడ్డ) వైపు చూపిస్తున్నాయి. ముందు రక్తంలో లేదా మూత్రంలో మెటానెఫ్రిన్ల (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు) పరీక్ష కావాలి. అది తేలక ముందు సూది గుచ్చితే ప్రాణాపాయమైన రక్తపోటు తుఫాను రావచ్చు. అదే అయితే, రక్తనాళాలను సడలించే ఆల్ఫా బ్లాకర్ మందుతో సాధారణంగా 10 నుంచి 14 రోజులు, ఉప్పు, నీళ్లు పెంచుతూ సిద్ధం చేశాకే ఆపరేషన్. గుండెదడకు బీటా బ్లాకర్‌ను ముందుగా ఇవ్వకూడదు, ఆల్ఫా కుదిరాకే ఇవ్వాలి. కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి గడ్డలు ఉన్నాయేమో కనుక్కోండి, వీరిలో మూడో వంతు మందికి పైగా వంశపారంపర్య జన్యు లోపం ఉంటుంది. ఇది వేరే చర్చగా తెరవండి, అక్కడ వివరంగా రాస్తాను.

ఓరుగల్లు పాఠకుడు

ఆపించాను. రేపు రక్తం ఇస్తున్నాం. చాలా కృతజ్ఞతలు.

న్యూజెర్సీ నుంచి (న్యూక్లియర్ మెడిసిన్)

ఈ గడ్డల కణాల పైన సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లు విస్తారంగా ఉంటాయి. ఆక్ట్రియోటైడ్ పనిచేసేది ఆ తలుపు గుండానే. గాలియం-68 డోటాటేట్ లేదా డోటానాక్ పెట్ స్కాన్ అదే తలుపును వెలిగించి చూపిస్తుంది. చక్కెర లాంటి పదార్థంతో తీసే మామూలు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ తీసి "ఎక్కడా లేదు" అని రాసిచ్చిన రిపోర్టులు చాలా చూశాను. నెమ్మదిగా పెరిగే గడ్డ చక్కెరను పెద్దగా పీల్చుకోదు. కాబట్టి ఏ పెట్ రాశారో చూసుకోండి. గాలియం-68 రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం 68 నిమిషాలే, అందుకే స్కాన్ కేంద్రంలోనే తయారు చేస్తారు. సమయానికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఈ స్కాన్ దొరుకుతుంది.

గాలియంలో బాగా వెలిగితే మరో దారి కూడా ఉంది. అదే తలుపు గుండా రేడియోధార్మిక లుటీషియం-177 పంపి గడ్డను లోపలి నుంచి కాల్చడం. 2017లో వచ్చిన నెట్టర్-1 అనే చికిత్సా పరిశోధనలో పేగు మధ్య భాగపు గడ్డలున్న 229 మందిని చూశారు. 20 నెలల నాటికి జబ్బు ముదరని వారి అంచనా లుటీషియం వైపు 65.2 శాతం, ఎక్కువ మోతాదు ఆక్ట్రియోటైడ్ మాత్రమే తీసుకున్న వైపు 10.8 శాతం. మామూలుగా 8 వారాల తేడాతో 4 విడతలు. మూత్రపిండాలను కాపాడటానికి అమైనో ఆమ్లాలు ఎక్కిస్తారు, వాటివల్ల వాంతులు రావచ్చు. లుటీషియం-177ను మన ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్లో తయారు చేస్తారు. దీనికోసం విదేశాలకు రానక్కర్లేదని ఇక్కడ ఉండి గర్వంగా చెబుతున్నాను.

కర్నూలు ఆంకాలజీ (మెడికల్ ఆంకాలజిస్టు)

శస్త్రశాల గారి వివరణను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం. పాకిపోయిన జబ్బులో పేగు గడ్డను ముందుగానే తీసేయాలన్న అలవాటుకు గట్టి ఆధారం తక్కువ. 2018లో స్వీడన్‌లోని ఉప్సాలా బృందం 363 మంది ఫలితాలు ప్రచురించింది. పేగు లక్షణాలు లేని నాలుగో దశ వారిలో ముందే ఆపరేషన్ చేసినవారికీ, అవసరమైనప్పుడు చేసినవారికీ ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు. ముందే చేసినవారికి పేగు అడ్డుపడి మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. ఇక మందుల సంగతి. 2009లో ప్రోమిడ్ అనే చికిత్సా పరిశోధనలో ఆక్ట్రియోటైడ్ జబ్బు ముదిరే సమయాన్ని 6 నెలల నుంచి 14.3 నెలలకు పెంచింది. 2014లో క్లారినెట్ పరిశోధన అదే తరహా మందు లాన్రియోటైడ్‌తో ఇలాంటి మేలునే చూపింది. కి-67 6 శాతం ఉన్న మనిషి క్లారినెట్ పరిధిలోకే వస్తారు. గడ్డ కనిపించగానే తీసేయాలన్న ఆత్రం నాకు నచ్చదు.

శస్త్రశాల

మీ అభ్యంతరం న్యాయమైనది. ఆ అధ్యయనాన్ని నేనూ మా విద్యార్థులకు చదివిస్తాను. అయితే అది లక్షణాలు లేనివారి గురించి. ఈ తల్లికి తిన్న ప్రతిసారీ నొప్పి ఉంది. ఆమె ఆ పట్టికలోకి రారు. నొప్పి లేకుండా ఉంటే నేనూ మీతో కలిసి "ఇంజెక్షన్ మొదలుపెట్టి, గమనిద్దాం" అనేవాణ్ని.

కర్నూలు ఆంకాలజీ

తిన్నాక నొప్పి అన్న మాటకు నేను తగిన బరువు ఇస్తాను. ఆ నొప్పి పేగు ముడుత వల్లనే అని సీటీలో తేలితే ఆపరేషన్‌కు నా సమ్మతి. కానీ ఇంజెక్షన్ ముందు మొదలవ్వాలి, గుండె ఎకో ముందు కావాలి. వేర్వేరు గదుల్లో వేర్వేరు మాటలు కాకుండా, ట్యూమర్ బోర్డులో అందరం ఒక బల్ల దగ్గర కూర్చుని చెప్పాలి.

తెనాలి పెద్దకొడుకు

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ చెప్పాలని పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఆగాను.

స్లైడ్లు రెండో చోట చదివించాం. లెక్కపెట్టి 5 శాతం అన్నారు, గ్రేడ్ 2నే. సీడీఎక్స్2 పాజిటివ్. గాలియం స్కాన్‌లో ఇలియంలో రెండు చోట్ల, పక్క గ్రంథుల్లో, కాలేయంలో కుడి వైపు ఎక్కువగా, ఎడమ వైపు కొన్ని వెలిగాయి. ఎముకల్లో లేదు. ఎకోలో ట్రైకస్పిడ్ కవాటం కొద్దిగా కారుతోంది, ఇప్పుడు మార్చనక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూస్తామన్నారు. పాత సీటీని కొత్త రేడియాలజిస్టు చూశారు. శస్త్రశాల గారు రాసిన చక్రపు ఆకుల గీతలు అప్పటికే ఉన్నాయట. ఆ మాట విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్నే ఓదార్చింది.

ట్యూమర్ బోర్డు నిర్ణయం: ఆక్ట్రియోటైడ్ నెలవారీ ఇంజెక్షన్ మొదలైంది. విరేచనాలు సగానికి తగ్గాయి, ముఖం ఎర్రబడటం బాగా తగ్గింది. కొంచెం బలం పుంజుకున్నాక ఆపరేషన్: పేగు భాగం, గ్రంథులు, పిత్తాశయం. అదే సమయంలో కాలేయం ఎడమ వైపు చిన్నవాటిని తీయడం, కాల్చడం. కుడి వైపున్న పెద్దవాటిని ఆ తర్వాత రెండో దశలో చూస్తామన్నారు. మళ్లీ పెరిగితే లుటీషియం చేతిలో ఉంచుకున్నారు. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏవి వస్తాయో అడుగుతున్నాం.

గాజుపలక

ఆపరేషన్ రోజు తీసిన పేగు, గ్రంథులు, కాలేయం ముక్కలు వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు పేర్లతో పంపమని చెప్పండి. కాలేయం ముక్క మీద కూడా కి-67 విడిగా లెక్కించమని అడగండి. పుట్టుక చోట ఒకటి, పాకిన చోట మరొకటి రావడం అరుదేమీ కాదు. తర్వాతి వైద్యం ఎక్కువ ఉన్న అంకెను చూసి నిర్ణయిస్తారు.

మత్తువైద్యం

నెలవారీ ఇంజెక్షన్ గడువు ఆపరేషన్ తేదీకి దగ్గరపడితే వాయిదా వేయనివ్వకండి. వీలైతే తేదీకి కొద్ది రోజుల ముందు పడేలా చూడమనండి. సిరలోకి ఎక్కించాల్సిన ఆక్ట్రియోటైడ్ అంపూల్స్ ఆసుపత్రి మందుల దుకాణంలో ఉన్నాయో లేదో ముందు రోజే మీరే వెళ్లి చూసుకోండి.

తెనాలి పెద్దకొడుకు

అలాగేనండీ. తేదీ ఖరారు కాగానే రాస్తాను. అమ్మ పర్సులో కాగితం పెట్టేశాను.